ధర్నా దాకా రాకముందే అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో మన యూనివర్సిటీల వార్త లేని రోజు అరుదు. ఒక పక్క కాలేజీల, యూనివర్సిటీల నాణ్యత తూచే న్యాక్ నుంచి గ్రేడు వచ్చిందనో, ర్యాంకు పడిపోయిందనో, ఫలానా కంపెనీతో ఎంవోయూ కుదిరిందనో ఉంటుంది. ఇంకో పక్క పరిపాలనా భవనం ముందు బైఠాయింపు, వీసీకి వినతిపత్రం, పరీక్షల వాయిదా. వీటి నడుమ ఒక సంగతి ఎక్కడా కనబడదు. ఏ గొడవా లేని మామూలు రోజున అక్కడ చదువుకునే పిల్లలు, అక్కడ పనిచేసే మనుషులు ఎట్లా ఉన్నారు? కంటినిండా నిద్రపోతున్నారా? పొద్దున లేవగానే ఆ క్యాంపస్‌కు పోవాలని వాళ్లకు అనిపిస్తోందా? ఇది ఎవరూ అడగరు, ఎవరూ లెక్క కట్టరు. లెక్క లేదు కాబట్టి నిర్ణయాలు తీసుకునే బల్ల మీదికి ఆ సంగతే రాదు. ఉత్తరం కాస్త పొడుగైంది, వీలైతే మొత్తం వేయండి.

నేను ఉత్తర తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం హాస్టళ్ల ఆఫీసులో గడిచింది. చివరి ఏళ్లలో నాణ్యత విభాగానికి, అంటే ఐక్యూఏసీకి వేశారు. ఒక చోట పిల్లల కష్టం నేరుగా చూశాను, ఇంకో చోట ఆ కష్టం కాగితం మీదికి ఎక్కేసరికి ఏమవుతుందో చూశాను. నేను పనిచేసిన చోటి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క చోటి కథ కాదు. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం, తర్వాత డిచ్‌పల్లిలో, కరీంనగర్‌లో, బాసరలో వచ్చినవి, ఇప్పుడు ములుగులో గిరిజన విశ్వవిద్యాలయం. మన ప్రాంతానికి చదువుల తల్లులు చాలామందే వచ్చారు. వాటి గోడల లోపల బతుకు ఎట్లా ఉందో కనుక్కునే ఏర్పాటు మాత్రం ఇంకా రాలేదు.

ఇప్పుడు మన దగ్గరున్న కొలబద్ద ధర్నా ఒక్కటే. మెస్‌లో అన్నం బాగాలేదని పిల్లలు నెలల తరబడి గొణుక్కుంటారు, ఎవరికీ పట్టదు. ఒక రాత్రి ప్లేట్లు పట్టుకుని రోడ్డెక్కుతారు, తెల్లారేసరికి కమిటీ పడుతుంది. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీలో వేలమంది పిల్లలు 12 డిమాండ్లతో రోజుల తరబడి కూర్చున్నది మీ పాఠకులు మరిచిపోయి ఉండరు. రెగ్యులర్ వీసీ కావాలన్నారు, అధ్యాపకుల్ని నియమించమన్నారు, మంచాలడిగారు, మెస్ బాగుచేయమన్నారు. అందులో ఏ ఒక్కటీ రాత్రికి రాత్రి పుట్టుకొచ్చింది కాదు. ఒక సెమిస్టర్ ముందు, ఒక ఏడాది ముందు ఎవరైనా కూర్చుని అడిగి ఉంటే ఆ పన్నెండూ అప్పుడే కాగితం మీదికి వచ్చేవి.

వరంగల్‌లో పుట్టి పెరిగినదాన్ని, నాకు ధర్నా అంటే చిన్నచూపు లేదు. విద్యార్థులు రోడ్డెక్కకపోతే తెలంగాణ వచ్చేదే కాదు. కానీ ధర్నాకు గొంతున్నవాళ్లే వస్తారు. ఏటూరునాగారం అవతలి గూడెం నుంచి మొదటిసారి ఇల్లు విడిచి వచ్చిన ఫస్టియర్ అమ్మాయి రాదు. అవుట్‌సోర్సింగ్‌లో ఊడ్చే అమ్మ రాదు, వస్తే రేపటి పని మీద భయం. రీసెర్చ్ స్కాలర్ రాడు, గైడ్ సంతకం కావాలి. వీళ్లంతా బాగున్నారని కాదు, వీళ్ల సంగతి వినబడే దారి లేదు. పెద్ద గొంతులు చెప్పిందే సమస్యగా, వాళ్లు అడిగిందే పరిష్కారంగా నడిచిపోతుంది. అధికారులను కూడా పూర్తిగా తప్పుపట్టలేను. వాళ్ల ముందుకు వచ్చే సమాచారమే అది.

అల్మనాక్ సంగతి చూడండి. సెమిస్టర్ ఎప్పుడు మొదలు, ఇంటర్నల్స్ ఎప్పుడు, ప్రాక్టికల్స్ ఎప్పుడు, థియరీ పరీక్షలు ఎప్పుడు అన్నది ఒక గదిలో నలుగురైదుగురు కూర్చుని వేస్తారు. వాళ్ల ముందుండేవి పనిదినాల లెక్క, హాళ్ల లెక్క, స్పాట్ వాల్యుయేషన్ గడువు. దసరా తెల్లారే ప్రాక్టికల్ పడితే బతుకమ్మకు ఇంటికి పోయిన పిల్ల దసరా నాటి రాత్రే బస్సెక్కాలి. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది, తాడ్వాయి దారి ముందు నుంచే నిండిపోతుంది, ఉన్న బస్సులన్నీ జాతరకు పోతాయి. పొద్దున రెగ్యులర్ పేపరు, మధ్యాహ్నం బ్యాక్‌లాగ్ పేపరు పడ్డ రోజులూ ఉంటాయి. అప్పుడు వినతిపత్రాలు, ధర్నా, వాయిదా. వాయిదా అంటే ఊరికే కాదు. అచ్చయిన ప్రశ్నపత్రాలు మళ్లీ స్ట్రాంగ్ రూముకు పోతాయి, ఇన్విజిలేషన్ డ్యూటీలు మళ్లీ వేయాలి, హాస్టల్లో ఇంకొన్ని రోజులు పొయ్యి వెలగాలి. మా మెస్‌లలో డివైడింగ్ సిస్టమ్. నెల ఖర్చును తిన్నవాళ్ల మీద పంచుతారు. ఆ అదనపు రోజుల బిల్లు స్కాలర్‌షిప్ ఇంకా రాని పిల్లల ఖాతాలోనే పడుతుంది. నో డ్యూస్ కోసం వచ్చినప్పుడు ఆ బాకీ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న వాళ్లను కౌంటర్ ఇవతల నుంచి ఎందరినో చూశాను.

ఫీడ్‌బ్యాక్ తీసుకుంటూనే ఉన్నాం కదా అంటారు అధికారులు. తీసుకుంటారు, నిజమే. ఆ ఫారాలు నా చేతుల మీదుగానే పోయాయి. హాల్‌టికెట్లు ఇచ్చే రోజు కౌంటర్ పక్కన ఇంకో బల్ల వేస్తాం. ఫారం నింపితేనే హాల్‌టికెట్. వెనకాల వరండా చివరి దాకా లైను. ఒకబ్బాయి నిలబడే పెన్ను తీసి, ‘వెరీ గుడ్’ గడుల మీదుగా పైనుంచి కిందికి ఒకే గీత లాగి ఇచ్చాడు. చదివి టిక్కు పెట్టు నాయనా అన్నాను. “చదివి ఏం జేయాలె మేడం, అటెన్క మీరు చదువుతరా?” అన్నాడు. పిల్లవాడు పొగరుతో అనలేదు, నిజంగానే అడిగాడు. ఆ ఫారాలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కిస్తే సగటు ఐదుకు నాలుగు పైనే వచ్చేది. రంగుల గ్రాఫులు వేసి, స్పైరల్ బైండింగ్ చేసి, న్యాక్ బృందం వచ్చిన రోజు బల్ల మీద వరసగా పేర్చేవాళ్లం. ఆ లెక్క చూసి ఒక్క నిర్ణయం మారడం నా సర్వీసులో నేను చూడలేదు.

పై నుంచి అడిగేవాళ్లు కూడా ఈ సంగతి అడగరు. 1994లో ఏర్పడిన న్యాక్, 2017లో పద్ధతి మార్చినప్పుడు విద్యార్థుల సంతృప్తి సర్వే చేర్చింది. అందులో 21 ప్రశ్నలున్నాయి. సిలబస్ ఎంత పూర్తయింది, సారు ఎట్లా చెబుతున్నారు అన్నదాని చుట్టే దాదాపు అన్నీ తిరుగుతాయి. మంచి ప్రశ్నలే, కానీ తరగతి గది దాటవు. 2016 నుంచి విద్యాసంస్థలకు ర్యాంకులిస్తున్న కేంద్ర విద్యాశాఖ పద్ధతి ఎన్ఐఆర్ఎఫ్ అయిదు అంశాలు చూస్తుంది. బోధన వనరులు, పరిశోధన, చదువు పూర్తిచేసినవాళ్ల ఫలితాలు, అన్ని వర్గాలకూ చోటు, చివరిది బయట ఆ సంస్థకు ఉన్న పేరు. ఓవరాల్ ర్యాంకులో ఆ పేరుకు నూటికి 10 మార్కులున్నాయి. లోపల ఉన్నవాళ్లు ఎట్లా ఉన్నారన్నదానికి విడిగా ఒక్క మార్కు లేదు. మార్కులు లేని సబ్జెక్టును మన పిల్లలు చదువుతారా? వీసీలూ అంతే.

కొలిస్తే ఏమవుతుందో నేను చూసింది చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో అయిదు ప్రశ్నల కాగితం ఒకటుంది, డబ్ల్యూహెచ్ఓ-5 అంటారు. 1998 నుంచి వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల్లో మనసు హుషారుగా ఉందా, నిమ్మళంగా ఉందా, ఒంట్లో చురుకుదనం ఉందా, పొద్దున లేచేసరికి నిద్ర తీరినట్టు ఉందా, రోజులో నాకు ఇష్టమైన సంగతులు ఉన్నాయా. అంతే. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు దాకా వేయాలి. అన్నీ కూడి నాలుగుతో గుణిస్తే నూటికి ఎంతో వస్తుంది. 50కి అటుఇటుగానో, అంతకన్నా తక్కువగానో వస్తే ఆ మనిషిని పట్టించుకోవాలని గుర్తు. అది జబ్బు నిర్ధారణ కాదు. ఒళ్లు వెచ్చగా ఉందా లేదా అని చెయ్యి పెట్టి చూడటం లాంటిది.

మా దగ్గర సోషల్ వర్క్ చెప్పే ఒక కాంట్రాక్టు మేడం ఆ కాగితాన్ని తెలుగులో రాసుకొచ్చి, అమ్మాయిల హాస్టల్లో ఇద్దామన్నారు. పేర్లు అడగలేదు, హాల్‌టికెట్ నంబరు అడగలేదు. కింది అంతస్తా, పై అంతస్తా అని మాత్రం ఒక గడి పెట్టాం. రాత్రి భోజనాల వేళ మెస్ హాల్లో ఇచ్చి, అట్టపెట్టెకు చీలిక కోసి తలుపు దగ్గర పెట్టాం. మరునాడు ఆఫీసులో రెండు కట్టలుగా విడదీసి చూస్తే నాలుగో ప్రశ్న దగ్గర కళ్లు ఆగిపోయాయి. కింది అంతస్తు కాగితాల్లో రెండు, మూడు, నాలుగు కలగలిసి ఉన్నాయి. పై అంతస్తువి తిరగేస్తుంటే సున్నా, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి. చదువు ఒత్తిడి అన్నారు వార్డెన్. కింద ఉన్నవాళ్లకూ అదే చదువు, అవే పరీక్షలు కదా మేడం అన్నాం.

తెల్లవారుజామున పోయి చూశాం. పై వరండాలో బాత్రూముల ముందు బకెట్ల వరస. ఒక్కో బకెట్ మీద గోళ్ల రంగుతో పేరులో మొదటి అక్షరం రాసి ఉంది. ఒకమ్మాయి తన బకెట్ బోర్లించి దాని మీదే కూర్చుని, ట్యూబ్‌లైట్ వెలుతురులో జిరాక్స్ నోట్స్ చదువుకుంటోంది. నాలుగింటికి లేచి వరసలో పెట్టకపోతే ఆరింటికల్లా పైన చుక్క రాదట. రాత్రి పన్నెండు దాకా చదివి నాలుగింటికి లేవడం, సెమిస్టర్ మొదలైనప్పటి నుంచీ అంతే. ఎందుకు చెప్పలేదమ్మా అంటే కంప్లెయింట్ రిజిస్టర్ తెచ్చి చూపించారు. ‘పైన నీళ్లు రావట్లేదు’ అని పేజీ పేజీకి ఉంది. ఎదురు గడిలో ‘అటెండెడ్’ అని సంతకాలు. ప్లంబర్ వచ్చిన మాట నిజం, వచ్చినప్పుడు మధ్యాహ్నం, అప్పుడు నీళ్లు వస్తూనే ఉంటాయి. అసలు కారణం చెప్పింది నైట్ వాచ్‌మన్. “కింది ట్యాంకు వాల్వు పూర్తిగ పడ్తలేదు మేడం. మోటరేస్తే నీళ్లన్ని కిందికే గుంజుకుంటది, పైకెక్కయి. నన్నెవ్వలడిగిండ్రు?” అన్నాడు. వాల్వు మార్చి, రాత్రి పదింటికి ఇంకోసారి మోటార్ వేయించాం. మరుసటి నెల అదే కాగితం మళ్లీ ఇస్తే పై అంతస్తు కట్టలో నాలుగో ప్రశ్నకు సున్నా వేసినవాళ్లు చాలా తగ్గిపోయారు. తక్కిన నాలుగు ప్రశ్నల్లోనూ ఒకటో రెండో పెరిగాయి.

ఆ నెలలో హాస్టల్‌కు మంజూరై ఉన్న కార్యక్రమం ఏమిటో తెలుసా? ఒత్తిడి తగ్గడానికి పొద్దున అయిదున్నరకు ధ్యానం క్లాసు. ధ్యానం మంచిదే, నేనూ చేస్తాను. కానీ నాలుగింటి నుంచి నీళ్ల కోసం నిలబడ్డ పిల్లను అయిదున్నరకు కళ్లు మూసుకొమ్మంటే అక్కడే నిద్రపోతుంది. కొలవకుండా తీసుకున్న నిర్ణయానికీ, కొలిచి తీసుకున్నదానికీ తేడా నాకు ఆ వాల్వు దగ్గర తెలిసింది. మనసు బాగోలేదంటే కౌన్సెలర్‌ను పెట్టాలి అనుకోవడమే మనకు తెలుసు. చాలాసార్లు మనసు బాగోకపోవడానికి కారణం నీళ్లలో, బస్సులో, మెమోలో, ఫెలోషిప్ ఫైలులో ఉంటుంది.

ఆ వాచ్‌మన్‌కు మాత్రం ఎవరూ కాగితం ఇవ్వలేదు. రాత్రిపూట పన్నెండు గంటల పాటు డ్యూటీ, ఏజెన్సీ వాళ్లు జీతం ఎప్పుడేస్తారో తెలియదు, పీఎఫ్ కోత పడుతుంది గాని ఎక్కడ జమవుతుందో ఆయనకు ఎవరూ చూపించలేదు. ఆయనొక్కడే కాదు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్లుగా ఖాళీగా ఉండి, పాఠాలు, ల్యాబ్‌లు, పేపర్ సెట్టింగ్, స్పాట్ వాల్యుయేషన్ అన్నీ కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల భుజాల మీదే నడుస్తున్న మాట అందరికీ తెలుసు. పీహెచ్‌డీ చేసి, నెట్ పాసై, తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక కూడా ఈ ఏడాది రెన్యూవల్ ఆర్డర్ వస్తుందా రాదా అని సెక్షన్ల చుట్టూ తిరిగే సార్లను చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. పార్ట్‌టైమ్ వాళ్లకైతే పీరియడ్ లెక్కన డబ్బులు. పరీక్షల సెలవులొస్తే పీరియడ్లు లేవు, డబ్బులూ లేవు. అయిదు ప్రశ్నల కాగితం తెచ్చిన ఆ మేడం కూడా అట్లాంటి ఆర్డర్ మీదే ఉండేది. పిల్లలు బాగుండాలని ఆమె పడ్డ తాపత్రయంలో పావు వంతైనా ఆమె ఎట్లా ఉందో కనుక్కోవడానికి ఎవరూ పడలేదు. తర్వాతి ఏడాది ఆమెకు వర్క్‌లోడ్ లేదన్నారు. హాస్టల్లో ఆ పని అక్కడితో ఆగింది.

అందుకే పిల్లల్ని అడిగి సిబ్బందిని వదిలేస్తే సగం లెక్కే అవుతుందంటాను. నెలల తరబడి జీతం రాని మనిషి కౌంటర్‌లో కూర్చుంటే మెమో కోసం వచ్చిన పిల్లవాడి మీద విసుక్కుంటాడు. ఆ పిల్లవాడు బయటికొచ్చి ఎట్లా ఉన్నాడో, లోపలి మనిషి ఎట్లా ఉన్నాడో రెండూ ఒకే సంగతి. సిబ్బందిలోనూ రెగ్యులర్ వేరు, కాంట్రాక్టు వేరు, అవుట్‌సోర్సింగ్ వేరు. ముగ్గురినీ కలిపి సగటు తీస్తే ఏమీ తెలియదు. సగటు చాలా సంగతులు కప్పేస్తుంది. మా హాస్టల్లో రెండు అంతస్తులూ కలిపి సగటు తీసి ఉంటే ఆ వాల్వు ఇప్పటికీ అట్లాగే ఉండేది.

ఇక ఎట్లా అడగాలన్నది. ఇది పెద్ద శాస్త్రం, నేను శాస్త్రవేత్తను కాను. ఫారాల మధ్య బతికినదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పగలను. హాల్‌టికెట్ రోజు అడగవద్దు, దేనికీ ముడిపెట్టవద్దు. క్లాసులో మాత్రమే ఇస్తే క్లాసుకు రాలేనంత బాధలో ఉన్నవాళ్లు లెక్కలోకే రారు. రాత్రంతా ఫుడ్ డెలివరీ చేసి పగలు పడుకునే పిల్లవాడు, పత్తి ఏరే రోజుల్లో భూపాలపల్లి వైపు ఇంటికి పోయి తిరిగి రాని అమ్మాయి, వీళ్లను వెతికి అడగాలి. ఎందరు జవాబిచ్చారో దాని పక్కనే ఎందరు ఇవ్వలేదో కూడా రాయాలి. ఒక విభాగంలో పదిమంది కన్నా తక్కువ మంది జవాబిస్తే ఆ విభాగం లెక్క విడిగా బయటపెట్టకూడదు, లేకపోతే చేతిరాత చూడకుండానే ఎవరేం రాశారో హెడ్డుకు తెలిసిపోతుంది. చేరిన కొత్తలో ఒకసారి, సెమిస్టర్ నడుమ ఒకసారి, ప్రతి ఏడాదీ అవే వారాల్లో అడగాలి. పరీక్షల ముందు తీసిన లెక్కను సెలవుల తర్వాతి లెక్కతో పోల్చి బాగుపడ్డామని చెప్పుకుంటే అది మోసం. ఉర్దూలో చదువుకునేవాళ్లకు ఉర్దూలో ఇవ్వాలి. చదవడం రాని సిబ్బందికి బయటి మనిషి చదివి వినిపించాలి, వాళ్ల సూపర్‌వైజర్ కాదు. చివర ఒక ఖాళీ జాగా వదలాలి, ‘ఇప్పుడు నిన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయిస్తున్నది ఏంది?’ అని. అంకెలు ఎక్కడ చూడాలో చెప్తాయి, ఏం చూడాలో ఆ జాగాలో రాసింది చెప్తుంది.

పేరు లేకుండా అడిగితే ప్రాణం మీదికి తెచ్చుకునేంత కుంగిపోయిన పిల్లను గుర్తించేదెట్లా అని ఒక ప్రొఫెసర్ గారు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. పేరు రాయమంటే ఆ పిల్లే నిజం రాయదు. ఈ కాగితం పని ఒక్క మనిషిని పట్టుకోవడం కాదు, ఏ హాస్టల్లో, ఏ కోర్సులో, ఏ నెలలో మనుషులు కుంగుతున్నారో పట్టుకోవడం. ఒక్కొక్కరికి సాయం అందే దారి పక్కనే విడిగా ఉండాలి. ప్రతి కాగితం అడుగున, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు. ఆ ఒక్క ఏడాదే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. మనం కొలుస్తున్నది ప్రాణాలు పోయాకనే. అంతకు ముందరి నెలల్ని కొలవమనే నేను అడుగుతున్నది.

సుప్రీంకోర్టు కూడా ఈ దిక్కు చూసింది. 2025 మార్చిలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద జస్టిస్ రవీంద్ర భట్ గారి అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అదే ఏడాది జులైలో, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలంది. ఏం చేశారో ఏటా నివేదిక ఇవ్వమంది. మంచి తీర్పు, దండం పెట్టాలి. అయితే మన ఆఫీసులు ఆ నివేదికను ఎట్లా రాస్తాయో నాకు తెలుసు. ఇన్ని అవగాహన సదస్సులు పెట్టాం, ఇంతమంది హాజరయ్యారు, ఫొటోలు జతపరిచాం. సదస్సుల లెక్క వస్తుంది, పిల్లల లెక్క రాదు. 2023లో యూజీసీ శారీరక దృఢత్వం, మానసిక క్షేమం గురించి మార్గదర్శకాలు పంపినప్పుడూ ఇదే భయం. బ్యానర్ కట్టి, దీపం వెలిగించి, శాలువా కప్పి పంపిస్తే కార్యక్రమం అయిపోయినట్టు.

ఇంకో ప్రమాదం దీనికన్నా పెద్దది. రేపు ఎవరైనా ఈ అంకెలకు ర్యాంకులు కట్టి, ఏ యూనివర్సిటీ పిల్లలు ఎక్కువ సంతోషంగా ఉన్నారో పోటీ పెడితే, ఆ రోజుతో ఇది చెడిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే దీన్ని హెచ్చరించారు. ఒక లెక్క మీద పెద్ద నిర్ణయాలు ఎంత ఆధారపడితే, ఆ లెక్కను వంచే ఒత్తిడి అంత పెరుగుతుందని ఆయన చెప్పింది. శాస్త్రవేత్త చెప్పక్కర్లేదు, హాల్‌టికెట్ బల్ల దగ్గర కూర్చున్న నేను చూశాను. క్లాస్ రిప్రజెంటేటివ్‌ను పిలిచి ‘అన్నిటికీ అయిదు వేయించు నాయనా’ అనడానికి ఒక్క నిమిషం పట్టదు. కాబట్టి ఈ లెక్క ఏ గ్రేడుకూ పోకూడదు, ఏ హెడ్డు ప్రమోషన్‌కూ అడ్డు రాకూడదు. మనింట్లో బాగు చూసుకోవడానికి మనం తీసుకునే లెక్కగానే ఉండాలి.

డబ్బులేవి అంటారు. ఉన్న డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియడానికే ఈ లెక్క. బ్రిటన్‌లో 2011 నుంచి అక్కడి గణాంక కార్యాలయం జనాన్ని ‘మొత్తమ్మీద ఈ రోజుల్లో నీ జీవితం నీకు ఎంత తృప్తిగా ఉంది’ అని సున్నా నుంచి పది దాకా అంకె వేయమని అడుగుతోంది. 2021లో అక్కడి ఆర్థికశాఖ ఇంకో అడుగు వేసింది. ఒక మనిషి తృప్తి ఒక మెట్టు పెరిగి ఏడాది పాటు నిలిస్తే దాన్ని ఒక ప్రమాణంగా పట్టుకుని, దాని విలువ 2019 ధరల్లో దాదాపు 13,000 పౌండ్లని, ప్రభుత్వ పథకాల మంచిచెడ్డలు చూసేటప్పుడు వాడుకోవచ్చని చెప్పింది. ఆ పౌండ్ల లెక్క మనకు సరిపడదు, మనిషి తృప్తికి ధర కట్టడం నాకు రుచించదు కూడా. కానీ ఆ ఆలోచనలో ఒకటి పనికొస్తుంది. ఎంతమందికి, ఎంత మేలు, ఎన్నాళ్లు, ఎన్ని రూపాయలకు అని రెండు పనుల్ని పక్కపక్కన పెట్టి చూడటం. మెయిన్ గేటుకు కొత్త కమాను కట్టడమా, సాయంత్రం ల్యాబ్ అయ్యాక హన్మకొండ బస్టాండ్ దాకా అమ్మాయిలకు ఒక బస్సు నడపడమా? రెండూ మంచి పనులే కావచ్చు. ఏది ముందో తేల్చడానికి మన పాలకమండలి దగ్గర ఇవాళ ఏ ఆధారమూ లేదు, ఎవరు గట్టిగా చెబితే అదే. మా వాల్వు ఖరీదు ఒక సదస్సులో అతిథులకు కప్పే శాలువాల ఖరీదంత కూడా కాదు.

పిల్లలు అబద్ధాలు రాస్తారన్న మాట కూడా విన్నాను. కొందరు రాస్తారు. ఒక హాస్టల్ హాస్టలంతా, పేరు లేని కాగితం మీద, ఒకే ప్రశ్నకు ఒకే రకంగా రాస్తే అది అబద్ధం కాదు. ఇది సంఘాల చేతికి ఆయుధమవుతుందన్న వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దాచిపెడితేనే ఆయుధమవుతుంది, మెస్ బోర్డుకు మనమే అంటిస్తే కాదు.

నేను కోరేది పెద్దదేం కాదు. ఉన్నత విద్యామండలి చొరవ తీసుకుంటే మంచిది, లేకపోతే ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ మొదలుపెట్టొచ్చు. పాలకమండలి సమావేశానికి బడ్జెట్, అల్మనాక్, హాస్టల్ కేటాయింపులు, కాంట్రాక్టు రెన్యూవల్స్ ఎజెండాలో వచ్చినప్పుడు వాటితో పాటు ఒకే ఒక్క పేజీ జతచేయాలి. ఏ హాస్టల్లో, ఏ కోర్సులో, ఏ రకం సిబ్బందిలో 50 కన్నా తగ్గినవాళ్లు ఎందరు, కిందటిసారి కన్నా పెరిగారా తగ్గారా, ఖాళీ జాగాలో ఎక్కువమంది రాసింది ఏమిటి. ఆ పేజీ చూసి ఏం నిర్ణయించారో మినిట్స్‌లో రాయాలి. నెల తిరగకముందే మెస్ బోర్డు మీద, సెక్షన్లలో, వాచ్‌మన్ గది గోడ మీద తెలుగులో నోటీసు పడాలి. మీరు ఇది చెప్పారు, మేము ఇది చేశాం, ఇది చేయలేకపోయాం, కారణం ఇది. చేయలేకపోయింది రాయడానికి సిగ్గుపడక్కర్లేదు. ఆ నోటీసు వేసే ఉద్దేశం లేని యూనివర్సిటీ దయచేసి అసలు అడగనే వద్దు. అడిగి వదిలేస్తే ఆ పిల్లలు ఇంకెప్పుడూ నిజం రాయరు.

మీ పత్రికకూ ఒక మనవి. ఈసారి గ్రేడు వార్త వచ్చినప్పుడు మీ విలేకరి వీసీ గారిని ఒక్క ప్రశ్న అదనంగా అడగాలి. మీ క్యాంపస్‌లో పిల్లలు, సిబ్బంది ఎట్లా ఉన్నారో చివరిసారి ఎప్పుడు అడిగారు, ఆ జవాబు చూసి ఏం మార్చారు? వచ్చిన సమాధానం ఏదైనా గ్రేడు పక్కనే వేయండి.

మేం వాడిన తెలుగు ప్రశ్నల కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. ఏ వార్డెన్ అయినా, ఏ హెడ్డు అయినా మీ కార్యాలయం ద్వారా అడిగితే పంపిస్తాను. కాగితాలు విడదీసి లెక్క కట్టడానికి మనిషి కావాలంటే నేనే వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత యూనివర్సిటీ ఉద్యోగిని,
హన్మకొండ
(పేరు ప్రచురించవద్దని మనవి)